ఫెయిర్లీ అంటే ఎంత

10 సెప్టెంబరు 1956, ప్రొద్దుటూరు

ఇంగ్లీషులో రాసుకోవాలని జనవరిలో కొన్న డైరీ ఇది. ఇన్నాళ్లూ తెల్లగానే ఉండె. ఈ పొద్దు ఒగ వాక్యం రాసి కొట్టేసినా. ఇరవై ఏండ్లుగా పిల్లోళ్లకు ఇంగ్లీషు చెప్తాండా గానీ, ఇంట్లో సంగతి ఆ భాషలో రాయబోతే పెన్ను కదల్లేదు. తెలుగులోనే రాసుకుంటా. చదివేవాళ్లు యాడుండారు? నా ఇంటామె రామేశ్వరమ్మకు అక్షరం రాదు.

ఆమెకు దగ్గు తగ్గలేదు. ఎండాకాలం పోతే పోతుందిలే అనుకుంటిమి. వానలు పడినా పోలేదు. పొద్దన కొంగులో ఏందో మడిచి దాచిపెట్టుకునె. ఏంది మే అది అంటే ఆకువక్క ఎరుపులే మామా అనె. ఆమె ఆకువక్క మానేసి శానా దినాలైంది.

13 సెప్టెంబరు

జియావుల్లా జమ్మలమడుగులో సొంతంగా ఆసుపత్రి పెట్టినాడంట. ఎక్స్‌రే మిషను గూడా తెప్పిచ్చినాడంట. నా దగ్గర చదివినోడే. ఆదివారం పోవాల.

16 సెప్టెంబరు, ఆదివారం

పోయొచ్చినాం. బస్సులో కిటికీ పక్క కూర్చోబెట్టినా. పెన్న ఏట్లో నీళ్లు చూసి ఆమెకు శానా సంతోషమైంది, పుట్టింటికి పోతాండట్లు మాట్లాడతానే ఉండె. మధ్యలో దగ్గు వస్తే మొగం కిటికీ తట్టు తిప్పుకునేది.

జియావుల్లా నన్ను చూస్తానే కుర్చీలోంచి లేచి నిలబడె. నేను కూర్చునేదాకా కూర్చోలేదు. మీ సారు ఇంట్లో ఇంత మర్యాద చూడలేదు నాయనా అని రామేశ్వరమ్మ నవ్వె. ఫోటో తీసి, కడిగి, ఆరేసి, దీపానికి ఎదురుగా పెట్టుకుని శానాసేపు చూసినాడు. తరవాత కాగితం తీసుకుని రాసె. అక్షరాలు ముత్యాల మాదిరి ఉండాయి. నేను నేర్పిచ్చిన రాతే. కుడి లంగ్ పర్ఫెక్ట్లీ క్లియర్. ఎడమ లంగ్ ఫెయిర్లీ క్లియర్.

కాగితం నా చేతికిచ్చి నా మొగమే చూస్తా ఉండె. నేను చదివి, బాగా రాసినావు నాయనా అన్నా. వాడు తల వంచుకునె.

మదనపల్లె శానటోరియంలో ఒగ పడకకు రాస్తా సార్ అన్నాడు. ఒగ పక్కే గనక ఆపరేషన్ చేసేదానికి వీలైతదంట. రెండో పక్కకు పాకితే ఇంగ ఎవరూ చెయ్యలేరంట. రామేశ్వరమ్మ పక్కనే ఉండాది గాబట్టి ఇదంతా మెల్లిగా, నీళ్లు నములుకుంటా చెప్పె. రాయి నాయనా, చూద్దాం అంటి. పాకితే గదా.

బస్సులో ఆమె అడిగె, ఏమని రాసినాడని. చదివి చెప్పినా.

"ఫెయిర్లీ అంటే ఎంత మామా?"

"శేరులో మూడు పావులనుకో."

"అయితే ఇంగ పావే గదా జబ్బు" అని నా భుజానికి ఆనుకుని నిద్రపోయె.

19 సెప్టెంబరు

ఫోర్తు ఫారం కాంపోజిషన్లు. ప్రొద్దుటూరు సంత గురించి రాయమంటే బాషా ఒగ పేజీ నింపినాడు. సంతలో ఎద్దు ఉండాదో, ఎద్దు మీద సంత ఉండాదో వానికే తెలియాల. ఫెయిర్లీ క్లియర్ అని రాసినా.

నా దగ్గర నాలుగే మెట్లు. ఫెయిర్లీ, క్వైట్, వెరీ, పర్ఫెక్ట్లీ. ఎంత పాడుగా రాసినా ఫెయిర్లీకి కిందికి నేను దిగను. నాట్ క్లియర్ అని నా జన్మలో ఒగ పిల్లోనికి రాయలేదు. పులివెందులలో నాకు ఇంగ్లీషు చెప్పిన అయ్యవారు నా పుస్తకం మీద నాట్ ఎట్ ఆల్ క్లియర్ అని ఎర్రసిరాతో రాసి క్లాసంతా తిప్పి చూపిచ్చినాడు. గొర్లకాడికి పోరా, నీకెందుకురా ఇంగ్లీషు అన్నాడు. నేను నిజంగానే మా ఊరు వేములకు పోయి మా నాయన మంద వెనక తిరిగితి. మా అక్క గంగులమ్మ ఈడ్చుకొచ్చి మల్లా బడిలో పడేసింది గాబట్టి సరిపోయింది, లేకుంటే ఈ పొద్దుకు గూడా ఆ బీళ్లలోనే ఉందును. కుంటిగొర్రెను కొడితే నడుస్తుందా? అదిలిస్తే నాలుగడుగులన్నా వేస్తుంది.

బాషా పుస్తకం తీసుకుని గమ్మున పోయి కూర్చునె. సంతోషించినట్లే ఉన్నాడు.

30 సెప్టెంబరు

సూదులు పడుతాండాయి. మొగం తేటగా ఉంది.

12 అక్టోబరు

అక్క సింహాద్రిపురం నుంచి వచ్చె. రామేశ్వరమ్మ అక్క కూతురే. పుట్టిన దినమే, ఇది నీకేరా అని నా ఒళ్లో పెట్టింది. ఆమెకు నేను జవాబు చెప్పుకోవాల్సినోడిని, అల్లుడిగా ఒగ తూరి, తమ్మునిగా ఒగ తూరి.

గడపలోనే సంచి దించి, మదనపల్లెకు ఎప్పుడు తీసుకపోతావు అనె. కాగితం తీసి చదివి వినిపిచ్చినా. నేను చదివేలోపలే రామేశ్వరమ్మ, పేర్లీ కిలియరంట మా అని తనే చెప్పేసింది. కొళాయి కాడ అందరికీ ఇదే చెప్పినట్లుంది. పక్కింటి గులాబ్‌బీ గూడా నన్ను చూస్తే, మీ ఇంటామెకు పేర్లీ అంట గదా సారూ, అల్లా మేలు చేసినాడు అంటాంది.

అక్క నవ్వలేదు. రామేశ్వరమ్మ లోపలికి పోయినాక, "చదివేది నువ్వు, చూసేది నేను. పిల్లకు కొంగు నిలబడే భుజం గూడా లేదురా" అనె.

డాక్టరు చదువు చదివినోడు రాసినాడక్కా అన్నా. ఇంగ్లీషు కాగితం మీద ఎదురు మాట్లాడేవాళ్లు మా వంశంలో ఎవరూ లేరు.

1 నవంబరు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడె. బడిలో జెండా, మిఠాయి. హైదరాబాదు మన రాజధాని అని నేనే ఉపన్యాసం చెప్పినా. ఇంటికొచ్చేసరికి మదనపల్లె నుంచి కార్డు. పడక ఖాళీ అయింది, వారంలో రావాల, రాకుంటే ఇంకొకరికి ఇస్తారంట.

4 నవంబరు

రామేశ్వరమ్మ పోనంటాంది. ఆడికి పోయినోళ్ల బట్టలే ఇంటికొస్తాయని ఎవరో చెప్పినారంట. నన్ను కండ్లకు కనపడనంత దూరం తోస్తావా మామా అని ఏడ్చె. ఆమె ఏడిస్తే నాకు చెయ్యాడదు.

కాగితం మల్లా తీసి చదివినా. ఒగ పక్క పర్ఫెక్ట్లీ. ఒగ పక్క ఫెయిర్లీ. ఫెయిర్లీ అంటే మంచి మాట. డిక్షనరీలో గూడా చూసినా. మంచి తట్టు వాలినప్పుడే ఆ మాట వాడతారు. నిజంగా చెడిపోయింటే వాడు ఇంకో మాట రాసేవాడు. మాటలకు కరువా?

అదీగాక ఆడ పడక కోసం ఈమె కంటే జబ్బు ముదిరినోళ్లు పాపం ఎంతమంది కాచుకుని ఉన్నారో. మూడు పావులు బాగుండే మనిషిని తీసుకపోయి వాళ్ల పడక లాక్కోవడం ధర్మమేనా? హాఫ్ ఇయర్లీ పరీక్షలు గూడా ముందరుండాయి.

జవాబు రాసి పడేసినా. పేషెంటు స్థితి ఫెయిర్లీ క్లియర్‌గా ఉన్న దృష్ట్యా, పడకను మరింత అవసరమైన వారికి ఇవ్వగోరుతున్నానని. ఇంగ్లీషులో వాక్యం బాగా కుదిరింది. జియావుల్లాకు గూడా ఒగ కార్డు రాసినా.

పోయేది లేదని చెప్తే రామేశ్వరమ్మ సంతోషంతో ఓళిగలు చేసింది. రెండు చేసేసరికి పొయ్యి కాడనే కూర్చుండిపోయె. మిగిలినవి నేను కాల్చినా. మాడిపోయినాయి, అయినా తినింది.

22 నవంబరు

జియావుల్లా నా కార్డుకు జవాబు రాయలేదు. ఒప్పుకున్నట్లే. దగ్గు తగ్గింది.

23 నవంబరు

తగ్గలేదు.

16 డిసెంబరు, ఆదివారం

మల్లా జమ్మలమడుగు. ఈ తూరి ఆమె పెన్నను చూడలేదు. బస్సు దిగేటప్పుడు ఎత్తి దించినా. గొర్రెపిల్లను ఎత్తినట్లే ఉండె, బరువే లేదు.

జియావుల్లా ఫోటో చూసి ఆమెతో నవ్వుతా మాట్లాడినాడు. ఏమ్మా, సారు ఇంట్లో గూడా బెత్తం పట్టుకుంటాడా అని అడిగె. ఆమె నవ్వేదానికి పోయి దగ్గె. వాడు నాకు కాగితమిచ్చి మొగం చూడకుండా కిటికీ కాడికి పోయి నిలబడినాడు.

కుడి లంగ్ ఫెయిర్లీ క్లియర్ అని ఉండాది. ఎడమ దాని గురించి ఏమీ రాయలేదు. రాసేదానికి ఏమీ లేదంటే మంచిదే గదా. కుడిది పర్ఫెక్ట్లీ నుంచి ఫెయిర్లీకి వచ్చిందంటే ఒగ మెట్టు తగ్గింది. చలికాలం గదా. మెట్లు మల్లా ఎక్కొచ్చు.

17 డిసెంబరు

ఒగ మెట్టు కాదు. మూడు.

6 జనవరి 1957, ఆదివారం

నిన్న నెత్తురు పడె. శెంబులో సగం. గులాబ్‌బీ కొడుకు బస్సెక్కి పోయి చెప్తే జియావుల్లా పొద్దన్నే తానే వచ్చినాడు. ఆమెకు సూది వేసి, మాట్లాడి, ధైర్యం చెప్పి బయటికొచ్చె. బస్టాండు దాకా వస్తా అన్నా. దావలో నేనే మొదలుపెట్టినా.

"మదనపల్లెకు ఇప్పుడు తీసుకపోతా. మల్లా ఒగ పడక రాయిచ్చు నాయనా."

వాడు నిలబడిపోయె. ఇంగ ఆడోళ్లు తీసుకోరు సార్ అన్నాడు. రెండు పక్కలా పోయింది, ఇంగ ఆపరేషన్ లేదు అన్నాడు.

నాకు కోపమొచ్చింది. నడిబజారులో, రిక్షావోళ్ల ముందర అరిచినా. పోయిన సెప్టెంబర్లో ఏమని రాసినావు, డిసెంబర్లో ఏమని రాసినావు, ఫెయిర్లీ క్లియర్ అని నీ చేత్తో నువ్వు రాసిన కాగితం నా పెట్టెలో ఉండాది అన్నా.

వాడు నన్నే చూసినాడు. బడిలో నేను బెత్తం ఎత్తినప్పుడు చూసినట్లే చూసినాడు.

"సార్... అది మీరు వాడే మాట గదా సార్."

"ఏంది?"

"మా క్లాసులో ఫెయిర్లీ క్లియర్ వచ్చినోడు ఆ పొద్దు అన్నం తినేవాడు కాదు సార్. ఆ మాటకు అర్థం పిల్లోళ్లందరికీ తెలుసు. నాకొగ తూరి వచ్చింది. ఇంట్లో చూపీకుండా చింపి కాలవలో పారేసినా."

కాగితం తీసుకపోయి ఇంగ్లీషు వచ్చినోళ్ల చేత ఆమె చదివిచ్చుకుంటుందేమోనని భయపడినాడంట. అందుకే ఎవరు చదివినా మంచిగా వినపడేట్లు, నాకొక్కనికే నిజం తెలిసేట్లు రాసినాడంట. సారుకు తెలియకపోతే ఇంగ ఎవరికి తెలుస్తుందనుకున్నాడంట.

మరి పడక వద్దంటే ఎందుకు గమ్మునున్నావు అని అడిగినా.

"తెలిసే వద్దన్నారనుకుంటి సార్. ఉన్నన్ని దినాలు ఇంట్లోనే, మీ దగ్గరే పెట్టుకోవాలనుకున్నారేమోనని. అడిగేదానికి నోరు రాలేదు."

బస్సు వచ్చింది. వాడు ఎక్కకుండా నా చెయ్యి పట్టుకుని ఏడ్చె. పో నాయనా, పేషెంట్లు కాచుకుని ఉంటారు అని నేనే ఎక్కిచ్చినా.

7 జనవరి

నాకు తెలియదు. వాడు చెప్పేదాకా నాకు తెలియదు.

పిల్లోళ్లు ఏడ్చేదీ తెలియదు. ఇరవై ఏండ్లుగా పుస్తకాలు పంచినప్పుడల్లా నేను బోర్డు తట్టు తిరుక్కునేవాడిని. ఎందుకు తిరుక్కునేవాడిని?

8 జనవరి

తెలుసు.

9 జనవరి

కాగితం నా చేతికిచ్చినప్పుడే తెలుసు. వాడు నా మొగం చూసిన చూపులోనే అంతా ఉండె. ఆ నిముషం దాటేదానికి, బాగా రాసినావు నాయనా అన్నా. ఆ తరవాత ప్రతి దినం ఆ నిముషాన్ని దాటుతానే ఉన్నా. డిక్షనరీ తెరిచింది ఎందుకు? తెలిసిన మాటకు డిక్షనరీ చూసేవాడు యాడన్నా ఉన్నాడా?

పడక వద్దని రాసింది ఆమె ఏడ్చిందని కాదు. ఆడికి పోతే ఆడి డాక్టర్లు తెలుగులో చెప్తారని.

20 జనవరి

అక్క వచ్చింది. ఈ తూరి ఏమీ అడగలేదు. రాత్రింబగళ్లు కూతురి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాంది.

3 ఫిబ్రవరి

అక్క నీళ్లకు పోయినప్పుడు రామేశ్వరమ్మ పిలిచె. గొంతు పోయింది, నోటికాడ చెవి పెట్టాల.

"మామా, ఒగ మాట అడుగుతా. ఫెయిర్లీ అంటే ఎంత?"

అదే మాట. మూడు పావులని నోటిదాకా వచ్చింది. రాలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నా.

"పావు గూడా లేదు గదా" అనె. "ఆ పొద్దు బస్సులోనే తెలుసు. నీ భుజం వణుకుతా ఉండె. నీకే తెలియదేమో అనుకుని, నువ్వు బెదురుతావని గమ్మునుంటి."

కొళాయి కాడ అందరికీ ఎందుకు చెప్పినావే మరి అంటే, నువ్వు సంతోషపడతావని అనె. నా తలకాయ ఆమె పక్కలో పెట్టుకుని ఏడ్చినా. ఆమె నా జుట్టులో వేళ్లు పెట్టి, దువ్వేదానికి బలం లేక అట్లనే ఉంచె.

మదనపల్లెకు పోయింటే బతికేదాన్నా అని మాత్రం అడగలేదు. అడిగింటే బాగుండు.

11 ఫిబ్రవరి

రామేశ్వరమ్మ పొద్దన పోయింది.

24 ఫిబ్రవరి

దినాలైపోయినాయి. చుట్టాలు పోయినారు. అక్క సంచి సర్దుకుంటా, ఆ డాక్టరు కాగితంలో నిజంగా ఏమని రాసినాడబ్బీ అని అడిగె. అంతా చెప్పినా. నాలుగు మెట్లూ, జియావుల్లా మాటా, నేను రాసిన జవాబూ, అన్నీ చెప్పినా. ఏమీ దాచలేదు.

తిడుతుందనుకుంటి. కొడుతుందనుకుంటి. కొట్టింటే బాగుండు. సంచి మూతి ముడేసుకుంటా అనింది:

"చదువురాని ముండను, నేను నమ్మితి. చదివినోడివి, నువ్వెట్ల నమ్మితివిరా?"

సద్ది కట్టిస్తా అంటే వద్దనె. బస్టాండుకు రావద్దనె. పులివెందుల బస్సుకు ఒగతే పోయింది. చిన్నప్పుడు నన్ను మంద కాడ్నుంచి రెక్క పట్టుకుని బడికి ఈడ్చుకొచ్చిన మనిషి. వెనక్కి తిరిగి చూడలేదు.

4 మార్చి

బడికి పోయినా. కాంపోజిషన్లు కట్ట కట్ట ఉండాయి. బాషా వాళ్ల నాయన అంగడి గురించి రాసినాడు. మూడు తూర్లు చదివినా. ఒగ ముక్క అర్థం కాలేదు. పెన్ను ఫె అని దానంతట అదే మొదలుపెట్టింది. ఆపినా. ఇంగ్లీషు పుస్తకంలో ఎప్పుడూ రాయని మాదిరి తెలుగులో రాసినా, అర్థం కాలేదు అని.

పుస్తకాలు పంచినాక బోర్డు తట్టు తిరుక్కోలేదు. చూస్తానే నిలబడినా. బాషా చదువుకున్నాడు. మొగం నల్లబడింది. కండ్లలో నీళ్లు తిరిగినాయి. అంటే ఇరవై ఏండ్లుగా నా ఎనక జరుగుతాండింది ఇదే.

సాయంత్రం గంట కొట్టినా వాడు పోలేదు. పుస్తకం పట్టుకుని బల్ల కాడ నిలబడినాడు. కూర్చో అన్నా. అంగడి అంటే ఏం అంగడిరా అంటే చెప్పుల అంగడి సార్ అన్నాడు. అదే రాయి మొదట అన్నా. పొద్దు గూకేసరికి మూడు వాక్యాలైనాయి. మూడూ తప్పులే, గానీ ఈ తూరి వాడేం చెప్తాండాడో తెలిసింది.

ఇంటికొచ్చి తాళం తీసినా. లోపల్నుంచి దగ్గు రాదని తెలుసు. అయినా గడపలో నిలబడి శానాసేపు విన్నా.